కాలనీ చౌరస్తాకు ఏది మేలు: సిగ్నలా, సర్కిలా, యూ-టర్నా, ఫ్లైఓవరా?

కాలనీ సంఘం మీటింగ్ ఎప్పుడు పెట్టినా చౌరస్తా మాట రాకుండా ఉండదు. సిగ్నల్ పెట్టించాలని ఒకరంటారు. సిగ్నల్ వద్దు, జంక్షన్ మూసేసి యూ-టర్న్ ఇవ్వమని అడుగుదాం అని ఇంకొకరు. ఫ్లైఓవర్ వస్తే తప్ప ఈ బాధ తీరదని మరొకరు. అరగంట వాదన అయ్యాక "ట్రాఫిక్ సమస్య పరిష్కరించగలరని మనవి" అని ఒక కాగితం రాసి, అందరం సంతకాలు పెట్టి ఇచ్చి వస్తాం. ఏం కావాలో అందులో మనమే రాయం. తీసుకున్నవాళ్లు తమకు తోచింది చేస్తారు. అది మనకు కుదరకపోతే ఇంకో కాగితం రాస్తాం.

ఆ మొదటి కాగితం రాసే ముందు ఆలోచించాల్సిన విషయాలు ఇక్కడ చెబుతున్నాను. నా అభిప్రాయం కూడా ముందే చెప్పేస్తాను. ఇళ్ల మధ్య ఉన్న చౌరస్తాకు చాలా చోట్ల పెద్ద కట్టడం అక్కర్లేదు. కూడలి నోరు ఖాళీ చేసి, సిగ్నల్‌ను సరిగ్గా అమర్చి, నడిచేవాళ్లకు దాటే టైమ్ ఇస్తే సగానికి పైగా పని అయిపోతుంది. మిగతా పద్ధతులకూ వాటి చోటు వాటికి ఉంది. ఆ చోటు మనదా కాదా అన్నది మాత్రం చూసుకోవాలి.

హైదరాబాద్‌లో తార్నాక చౌరస్తా తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డును, ఉస్మానియా యూనివర్సిటీ నుంచి లాలాగూడ వైపు వెళ్లే రోడ్డు దాటే చోటు అది. చుట్టూ ఇళ్లు, దగ్గర్లో ఆర్టీసీ ఆసుపత్రి, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, నెత్తిన మెట్రో. ఒకప్పుడు అక్కడ సిగ్నల్ ఉండేది. తర్వాత జంక్షన్ మూసేసి, అటూ ఇటూ యూ-టర్న్‌లు ఇచ్చారు. ఏళ్ల తరబడి అలాగే నడిచాక, 2025లో ఆ యూ-టర్న్‌లు మూసి జంక్షన్‌ను ట్రయల్‌గా మళ్లీ తెరిచారు. ఒకే చౌరస్తాకు రెండు పద్ధతులూ వాడి చూశారన్నమాట. ఏ పద్ధతీ శాశ్వతం కాదని, మార్చమని అడగడంలో తప్పేమీ లేదని నాకు ధైర్యం ఇచ్చింది ఆ ట్రయలే.

ముందు లెక్క

ఏది కావాలో తేల్చే ముందు ఒక పని చేయాలి. ఆదివారం కాకుండా, స్కూళ్లున్న రోజు చూసుకుని, ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు చౌరస్తాలో నిలబడండి. ఒక్కో రోడ్డుకు ఇద్దరు చాలు. వచ్చిన ప్రతి బండీ ఎడమకు తిరిగిందా, తిన్నగా పోయిందా, కుడికి తిరిగిందా అని పావుగంటకో గడిలో గీతలు పెట్టుకోండి. కారును ఒకటిగా, బైకును సగంగా, ఆటోను ఒకటికి కాస్త ఎక్కువగా, బస్సును రెండు నుంచి మూడున్నర దాకా లెక్కపెడతారు ఇంజినీర్లు. మనం అంత కచ్చితంగా చేయకపోయినా ఫర్వాలేదు. రోడ్డు దాటే మనుషులను మాత్రం వదిలేయకండి. ఎంతమంది దాటారు, ఎంతసేపు ఆగి దాటారు అన్నది రాసుకోండి. ఆఫీసు లెక్కల్లో తరచూ ఖాళీగా మిగిలే గడి అదే.

ఇంకో కాగితం మీద, బండ్లు ఆగిపోవడానికి కారణం రాయండి. సిగ్నల్ వల్ల ఆగిందా? కూడలి మొదట్లోనే బస్సు ఆగి జనాన్ని ఎక్కించుకోవడం వల్లా? షేర్ ఆటోలు వరుసగా నిలబడటం వల్లా? టిఫిన్ బండి దగ్గర పార్క్ చేసిన కార్ల వల్లా? గుంత వల్లా? ఆ రెండు గంటల్లో ఈ కారణాలు మీ కళ్ల ముందే తేలిపోతాయి.

ఈ రెండో కాగితం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో చెబుతాను. ఏడు మీటర్ల వెడల్పున్న దారికి గంటసేపూ గ్రీన్ ఇస్తే 3,675 కార్లకు సమానమైన ట్రాఫిక్ దాటుతుందని, దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. అంటే మీటరు వెడల్పుకు 525. రెండు నిమిషాల సైకిల్‌లో, అంటే సిగ్నల్ అన్ని దిక్కులకూ ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు, ఆ దారికి 30 సెకన్ల గ్రీన్ వచ్చిందనుకుంటే, అందులో పావు వంతు, గంటకు దాదాపు 920 దాటుతాయి. ఇప్పుడు ఎడమ పక్కన ఆటోలు, పార్కింగ్ కలిసి రెండున్నర మీటర్లు ఆక్రమించాయనుకోండి. మిగిలింది నాలుగున్నర మీటర్లు. అంత సన్నని దారికి మీటరుకు 500 చొప్పునే లెక్క కాబట్టి అది 2,250కి పడిపోతుంది, దాని పావు వంతు 560. సిగ్నల్ మారలేదు, రోడ్డు మారలేదు, బండ్లు పెరగలేదు. దాటేవి మాత్రం దాదాపు 40 శాతం తగ్గిపోయాయి.

అందుకే స్టాప్ లైన్ నుంచి వెనక్కి 50, 75 మీటర్ల వరకు పార్కింగ్ తీసేయడం, బస్టాప్‌ను కూడలి దాటాక అంతే దూరం జరపడం, ఆటోలకు పక్క వీధిలో చోటు చూపించడం అన్నవి అర్జీలో మొదటి కోరికగా ఉండాలి. ఆటోవాళ్లను వెళ్లగొట్టమని రాయకండి. వాళ్లకు చోటు చూపించమని రాయండి. చోటు లేనివాళ్లు మూడో రోజుకు మళ్లీ అక్కడికే వస్తారు, రాక తప్పదు కూడా.

సిగ్నల్

సిగ్నల్ అంటే చాలామందికి ఆగడమే గుర్తొస్తుంది. నిజానికి ట్రాఫిక్ అంతగా లేని చోట సిగ్నల్ పెడితే అనవసరంగా ఆపినట్టే అవుతుంది. నాలుగు దిక్కుల నుంచీ దాదాపు సమానంగా బండ్లు వచ్చి, అందులో కుడికి తిరిగేవాళ్లు కూడా బాగా ఉన్నచోట మాత్రం సిగ్నల్‌కు సాటి వచ్చేది తక్కువ.

సమస్య సిగ్నల్‌తో కాదు, దాన్ని అమర్చిన తీరుతో. మన చౌరస్తాల్లో ఎక్కువగా నాలుగు దిక్కులకు నాలుగు వంతులు ఇస్తారు. వంతు మారిన ప్రతిసారీ ముందున్నవాళ్లు కదలడానికి, ఆఖరివాళ్లు కూడలి ఖాళీ చేయడానికి కలిపి నాలుగు సెకన్లు పోతాయనుకుంటే, ఒక చుట్టుకు 16 సెకన్లు పోయినట్టే. నిమిషం సైకిల్‌లో అది పావు వంతుకు మించిన నష్టం. ఆ నష్టం తగ్గించుకోవడానికి సైకిల్‌ను రెండు నిమిషాలకు, మూడు నిమిషాలకు పెంచుకుంటూ పోతారు. మూడు నిమిషాలు ఎండలో నిలబడ్డ మనిషి రెడ్‌లోనే దాటేస్తాడు. అతన్ని తప్పు పట్టలేం.

దీనికి మంచి దారి వంతులు తగ్గించడం. మీ లెక్కలో ఏ దిక్కు నుంచి కుడికి తిరిగేవాళ్లు తక్కువో చూడండి. ఆ ఒక్క రైట్ టర్న్‌ను మూసి, వాళ్లకు మాత్రం ముందున్న యూ-టర్న్ చూపిస్తే నాలుగు వంతులు మూడవుతాయి, ఒక్కోచోట రెండు కూడా అవుతాయి. సైకిల్ చిన్నదవుతుంది. కొద్దిమంది కాస్త తిరిగి రావాలి, మిగతా అందరూ తక్కువసేపు ఆగుతారు. జంక్షన్ మొత్తం మూసేయడానికీ, అన్నీ తెరిచి ఉంచడానికీ మధ్య ఇలాంటి దారి ఒకటుందని మీటింగుల్లో ఎవరూ చెప్పరు. నాకైతే కాలనీ చౌరస్తాలకు అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే.

టైమ్ మార్చుకునే సిగ్నళ్లు కూడా ఇప్పుడున్నాయి. ట్రాఫిక్‌ను బట్టి సిగ్నల్ టైమింగ్ ఎలా సవరించాలో పోలీసులకు సూచించే గూగుల్ గ్రీన్ లైట్ కార్యక్రమంలో హైదరాబాద్ కూడా ఉంది. మన చౌరస్తాలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు వేర్వేరు టైమింగ్‌లు నడుస్తున్నాయా అని అడగండి. రోజంతా ఒకటే అని జవాబొస్తే, దమ్మిడీ ఖర్చు లేకుండా బాగుచేయగల పని దొరికినట్టే.

ఇక నడిచేవాళ్ల టైమ్. సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారని లెక్క వేస్తారు. 14 మీటర్ల రోడ్డుకు 12 సెకన్లు, అడుగు వేయడానికి ముందు ఏడు సెకన్లు, కలిపి 19. కానీ మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆమె సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. నడకకే 17 సెకన్లు దాటుతుంది. డివైడర్ మధ్యలో మీటరున్నర వెడల్పున నిలబడే చోటు ఉంటే ఆమె రోడ్డును రెండు విడతల్లో దాటగలదు. సిగ్నల్ అడిగేటప్పుడు ఆ నిలబడే చోటును కూడా కలిపి అడగాలి. అది లేని సిగ్నల్ బండ్లకు మాత్రమే పెట్టిన సిగ్నల్.

జంక్షన్ మూసి యూ-టర్న్

హైదరాబాద్‌లో గత కొన్నేళ్లలో బాగా వాడిన పద్ధతి ఇది. తిన్నగా పోయేవాళ్లకు నిజంగానే హాయి. మెయిన్ రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా పోవచ్చు. ఖర్చు తక్కువ, బారికేడ్లు పెడితే రేపే మొదలు.

ఇబ్బంది అంతా అడ్డంగా దాటాల్సినవాళ్లది, అంటే కాలనీ వాళ్లది. యూ-టర్న్ 400 మీటర్ల దూరంలో ఉంటే, ఎదురుగా కనిపించే వీధికి చేరడానికి 800 మీటర్లు తిరగాలి. స్కూలుకు, కూరగాయలకు, ఆఫీసుకు రోజుకు నాలుగుసార్లు దాటితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. బైకు మీదున్నవాళ్లు కొందరు అంత దూరం పోకుండా రాంగ్ రూట్‌లో వచ్చేస్తారు. ఎడమ పక్క నుంచి రోడ్డు ఎక్కినవాళ్లు ఆ 400 మీటర్లలోనే కుడి చివరి లేన్‌లోకి చేరాలి. అదే సమయంలో వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లు తిన్నగా పోవాలి. చౌరస్తాలో ఉన్న గుద్దులాట అక్కడి నుంచి యూ-టర్న్ దగ్గరికి జరుగుతుంది, అంతే.

ఈ పద్ధతికి మూలంగా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రాన్ని చెబుతుంటారు. అక్కడ 1960ల నుంచి వాడుతున్నారు. కానీ రెండు తేడాలు గమనించాలి. అక్కడి ఆ రోడ్ల మధ్య డివైడర్ దాదాపు 18 మీటర్ల వెడల్పుంటుంది. పెద్ద బండి కూడా అందులోనే తిరిగి, ఆగి, సందు చూసుకుని కలుస్తుంది. మన డివైడర్ మీటరు, మీటరున్నర. స్కూలు బస్సు తిరగాలంటే ఒక్కసారికి చాలదు, మూడు లేన్లూ ఆపేసి వెనక్కీ ముందుకూ పోవాలి. రెండో తేడా ఇంకా పెద్దది. అక్కడ మూసేది మలుపులను మాత్రమే. అడ్డ రోడ్డు మీద తిన్నగా దాటేవాళ్లకు సిగ్నల్ ఉంటుంది, నడిచేవాళ్లకూ ఉంటుంది. మన దగ్గర దాటడాన్నే మూసేస్తున్నారు.

మా ఇంటి బాల్కనీ నుంచి చూస్తే రోడ్డవతల మందుల షాపు కనిపిస్తుంది. చౌరస్తా మూసినప్పటి నుంచి అమ్మ ఒంటరిగా అక్కడికి వెళ్లడం మానేసింది. బండ్లు ఆగే క్షణమే ఉండదు కాబట్టి దాటే సందు దొరకదు. సిగ్నల్ ఉన్న రోజుల్లో కనీసం ఆ ఒక్క నిమిషం ఆమెది.

అడ్డ రోడ్డు ట్రాఫిక్ మెయిన్ రోడ్డు ముందు చాలా తక్కువైనప్పుడు, యూ-టర్న్ 200 మీటర్లలోపే దొరికినప్పుడు, అక్కడ రోడ్డును బస్సు తిరిగేంతగా వెడల్పు చేసినప్పుడు, నడిచేవాళ్లకు బటన్ నొక్కితే బండ్లను ఆపే సిగ్నల్ విడిగా పెట్టినప్పుడు యూ-టర్న్‌ను ఒప్పుకోవచ్చు. ఈ నాలుగింటిలో ఒక్కటి తగ్గినా నేను సంతకం పెట్టను.

సర్కిల్

రెండు రోడ్లు కలిసే మామూలు చౌరస్తాలో బండి బండిని ఢీకొనే అవకాశమున్న చోట్లు 32. ఒకే లేన్ ఉన్న సర్కిల్‌లో అవి ఎనిమిదే. పైగా అందరూ వేగం తగ్గించక తప్పదు కాబట్టి తగిలినా దెబ్బ చిన్నది. కరెంటు పోయినా పనిచేస్తుంది. కాలనీ లోపలి కూడళ్లకు, రెండు చిన్న రోడ్లు కలిసే చోట్లకు ఇంతకన్నా మంచిది లేదని నా నమ్మకం.

మెయిన్ రోడ్డుకు మాత్రం హద్దుంది. అన్ని వైపుల నుంచీ కలిపి గంటకు 3,000 బండ్లు దాటితే సర్కిల్ బిగుసుకుపోతుందని మన పాత ప్రమాణాలే చెప్పాయి. ఊరు కట్టినప్పుడే సర్కిళ్లతో ప్లాన్ చేసిన చండీగఢ్‌లో కూడా ట్రాఫిక్ పెరిగాక చాలా సర్కిళ్లకు సిగ్నళ్లు పెట్టాల్సి వచ్చింది. సర్కిల్ లోపల తిరుగుతున్న బండికి బయటివాళ్లు దారి ఇస్తేనే అది పనిచేస్తుంది. బ్రిటన్‌లో 1966లో ఈ నియమం పెట్టాకే అక్కడి సర్కిళ్లు మళ్లీ కదిలాయి. మన దగ్గర అందరూ ఒకేసారి దూరతారు. అందుకే బోర్డు ఒక్కటే పెడితే చాలదు, వంపు అలా కట్టాలి. బండి తిన్నగా దూసుకుపోలేనంత మలుపు ఉండాలి. మన ఊళ్లలో విగ్రహం చుట్టూ చిన్న గద్దె కట్టి సర్కిల్ అంటారు. గద్దె చిన్నది కాబట్టి ఎవరూ వేగం తగ్గించరు, విగ్రహం దిమ్మె ఎత్తుగా ఉండి అవతలి బండి కనపడదు. రెండు విధాలా ప్రమాదమే.

ఫ్లైఓవర్, అండర్‌పాస్

కూడలిలో అన్ని వైపులా కలిపి గంటకు 10,000 కార్లకు సమానమైన ట్రాఫిక్ దాటినప్పుడు వీటి గురించి ఆలోచించమంటాయి ప్రమాణాలు. మన లెక్క అందులో సగానికి రాకపోతే ఆ మాట వదిలేయడం మంచిది.

విజయవాడ బెంజ్ సర్కిల్ దీనికి సరైన చోటు. చెన్నై–కోల్‌కతా హైవే మీద ఊరితో పనిలేని లారీలు, బస్సులు బందరు రోడ్డును దాటాలి. 2020లో ఒక వైపు, 2021లో రెండో వైపు ఫ్లైఓవర్లు తెరిచాక ఆ ట్రాఫిక్ పైనుంచి పోతోంది. కింద మాత్రం చౌరస్తా చౌరస్తాగానే ఉంది, ఊళ్లో తిరిగేవాళ్లు అక్కడ ఆగాల్సిందే. పైనుంచి పోయేవాళ్లకు మేలు చేసే కట్టడం అది. మన చౌరస్తాలో బాధపడేది తిన్నగా పోయేవాళ్లా, తిరిగేవాళ్లా, దాటేవాళ్లా అన్నది మీ గీతల కాగితం చెబుతుంది.

కిందున్నవాళ్లు చెల్లించేది కూడా చూడాలి. కింద లారీ పోవడానికి ఐదున్నర మీటర్లు, శ్లాబు మందం కలిపి ఏడున్నర మీటర్ల ఎత్తు అనుకుందాం. 30 మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కాలంటే, ఒక్కో వైపు 225 మీటర్ల ర్యాంప్. ఆ మేర షాపుల ముందు రెండు పక్కలా గోడ లేస్తుంది, రోడ్డు సన్నబడుతుంది, రెండో అంతస్తు కిటికీ ముందు నుంచి లారీలు పోతాయి. ఫ్లైఓవర్ దిగిన చోట తర్వాతి చౌరస్తా దగ్గరే ఉంటే జామ్ అక్కడికి జరుగుతుంది.

రోడ్డు వెడల్పు గురించి ఒక్క మాట. కూడలి దగ్గర వెడల్పు చేసి, దాటాక మళ్లీ పాత వెడల్పే ఉంటే సీసా మూతిలాగా అక్కడ ఇరుక్కుంటుంది. ఫ్రీ లెఫ్ట్ కోసం మూలను గుండ్రంగా కోసేస్తే బండ్లు వేగంగా తిరుగుతాయి, నడిచేవాళ్లు దాటాల్సిన దూరం పెరుగుతుంది. స్కూలున్న మూలలో నేనైతే ఫ్రీ లెఫ్ట్ వద్దంటాను.

అర్జీలో ఏం రాయాలి

మీరు లెక్కపెట్టిన తేదీ, గంటలు, అంకెలు ముందు రాయండి. ఆ తర్వాత కూడలి నోరు ఖాళీ చేయమని, బస్టాప్‌ను, ఆటో స్టాండును ఎక్కడికి జరపవచ్చో చోటుతో సహా. ఆ తర్వాత మీరు ఎంచుకున్న పద్ధతి ఒక్కటే, ఏ దిక్కు మలుపు మూసినా అభ్యంతరం లేదో చెబుతూ. ఒకే కాగితాన్ని ట్రాఫిక్ పోలీసులకూ, మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగానికీ ఇవ్వండి. సిగ్నల్ టైమింగ్ చూసేవాళ్లు ఒకరు, డివైడర్ కట్టేవాళ్లు ఒకరు కాబట్టి ఒక్కరికే ఇస్తే సగం పని ఆగిపోతుంది. అడ్డ రోడ్డుకు అవతల ఉన్న కాలనీ వాళ్ల సంతకాలు కూడా తీసుకోండి. మనకు తెరిచిన మలుపు వాళ్లకు మూసిన మలుపు కావచ్చు.

కాంక్రీటు పోసే ముందు కోన్‌లు, బారికేడ్లతో రెండు వారాలు ట్రయల్ చేయమని తప్పకుండా రాయండి. మొదటి మూడు రోజులు గందరగోళంగానే ఉంటుంది, అప్పుడే ఫోన్లు చేసి ఆపించేయకండి. రెండో వారంలో అదే గంటలకు, అదే చోట నిలబడి మళ్లీ గీతలు పెట్టండి. ఆ సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ల చేయి పట్టుకుని రోడ్డు దాటి, ఎన్ని సెకన్లు పట్టిందో, మధ్యలో ఎన్నిసార్లు ఆగారో రాసి, ఆ అంకెను కూడా ఈ రెండోసారి లెక్క కాగితానికి జతచేయండి.